మా నాయనగారి సైకిలు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరి రెండు వారములైనది. భౌతికశాస్త్రము చెప్పువాడను గనుక విద్యుత్తును గూర్చియో, కాంతిని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. కాని గడచిన సంవత్సరము మా యింట జరిగిన యొక సంగతి నా మనస్సును విడువకున్నది. అది యొక పాత సైకిలును గూర్చినది. అందు శాస్త్రమును కలదు, నా తప్పిదమును కలదు. తప్పిదమును దాచి శాస్త్రమును మాత్రము చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గనుక రెంటిని వ్రాయుచున్నాను.

మా నాయనగారు బాపట్ల ప్రాంతమున నొక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. ఇంటికిని బడికిని నడుమ పది కిలోమీటర్ల కాలువగట్టు. నేను పుట్టుటకు మూడేండ్లు ముందుగా వారు వాయిదాలమీద నొక నల్లని హెర్క్యులీసు సైకిలును కొనిరి. అది మద్రాసు చెంత అంబత్తూరులో తయారైనది. ఆ దినములలో సైకిలు కొనుట మాటలు కాదు. పెండ్లికుమారునికి వాచీ, రేడియో, సైకిలు ఈ మూడును ఇచ్చినచో కట్నము ఘనముగా ముట్టినట్లు లెక్క. మా తాతగారి తరమున సైకిలునకు లైసెన్సు బిళ్ల యుండవలెను; చీకటిలో దీపము లేక పోయినను, ఒక సైకిలుపై ఇద్దరెక్కినను పోలీసువారు నిలిపెడివారు. సొంత సైకిలు లేనివారు సైకిలు టాక్సీ దుకాణమున గంటల లెక్కను అద్దెకు తెచ్చుకొనెడివారు. సైకిలు నాడు వేడుక కాదు, బ్రతుకుతెరువు.

మా నాయనగారు ఆ సైకిలునకు ఒక్కొక్క నెల ఒక్కొక్క వస్తువును చేర్చిరి. మొదట డైనమో దీపము, పిమ్మట వెనుక బలమైన క్యారియరు, గొలుసునకు కవరు, బురద చిందకుండ మడ్గార్డునకు రబ్బరు తోక, నేను కూర్చుండుటకు ముందుకడ్డీమీద చిన్న సీటు. నాకేడేండ్ల వయస్సున ఒక రాత్రి జ్వరము విపరీతమై మాట తడబడగా వారు నన్ను క్యారియరు మీద కూర్చుండబెట్టి, నిద్రమత్తున పడిపోకుండ తమ నడుమునకు తువాలుతో కట్టుకొని, తొమ్మిది కిలోమీటర్లు త్రొక్కి వైద్యుని యొద్దకు చేర్చిరి. ఆ రాత్రిలో నాకు జ్ఞాపకమున్నవి రెండే: చక్రమునకు రాచుకొను డైనమో రొద, నా చెంపకు తగులుచున్న వారి చెమట చొక్కా.

నేను సైకిలు నేర్చినదియు దానిమీదనే. సీటు అందని పిల్లలము కడ్డీ క్రిందినుండి కాలు దూర్చి, ఒంటిని ప్రక్కకు వంచి త్రొక్కెడివారము. హైదరాబాదులో దీనిని కైంచీ యందురని ఇచ్చటికి వచ్చిన తరువాత తెలిసికొంటిని. మా మోకాళ్ల మచ్చలే మాకు ఉత్తీర్ణతాపత్రములు.

2015లో నాయనగారు కాలధర్మము నొందిరి. మా అమ్మ మాయొద్దకు వచ్చునపుడు పెట్టె బేడలతో పాటు ఆ సైకిలును కూడ లారీలో వేయించినది. అప్పటికే మేము రహమత్ నగరులో నుంటిమి. ఈ పేట నెరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. ఒకవైపు జూబిలీహిల్సు, ఫిల్ము నగరు మేడలు. మరియొకవైపు యూసఫ్‌గూడ, బోరబండ. నడుమ రాతిగుట్టలమీద ఒకదాని భుజముపై నొకటి యెక్కినట్లు కట్టిన మా యిండ్లు. సినిమాలలో దీపములు పట్టువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో నొకరుగా నిలుచు నటులు మా చుట్టుపట్లను, కృష్ణానగరులోను కాపురముందురు. మా సందులలో సమతలము తక్కువ. బయలుదేరినచో దిగవలెను, తిరిగి వచ్చినచో ఎక్కవలెను. అట్టిచోట ఇరువది కిలోల పాత సైకిలుతో ఏమి పని? అది మెట్లక్రింద గోనెపట్టా కప్పుకొని ఎనిమిదేండ్లు నిలిచినది. పాత ఇనుము కొనువాడు వచ్చి తూకము కట్టెదనన్నప్పుడెల్ల మా అమ్మ మాత్రము, "అది ఇనుము కాదు బాబూ," అని పంపివేయుచుండెను.

గడచిన యేడు నా కుమారుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములో చేరెను. ఒకనాడు వాడు గోనెపట్టా తొలగించి, సైకిలు చుట్టును రెండుమారులు తిరిగి, "నాన్నా, దీనిని నాకిచ్చెదరా? ఫిక్సీ చేసికొందును," అని అడిగెను. ఫిక్సీ యన నేమో నేనెరుగను. వాడు చెప్పగా వింటిని. తరువాత నేనును చదివి తెలిసికొంటిని. దాని వృత్తాంతము మన విద్యార్థులకు ఉపయోగపడును గనుక సంగ్రహముగా చెప్పెదను.

మనమందరము త్రొక్కు సైకిలులో వెనుక పళ్లచక్రమునందు ఫ్రీవీలు కలదు. కాళ్లు ఆపినను సైకిలు సాగిపోవును. అప్పుడు వినవచ్చు టకటక చప్పుడు దానిదే. ఫిక్సీ, అనగా స్థిరచక్రపు సైకిలులో, ఆ యేర్పాటు లేదు. వెనుక పళ్లచక్రము హబ్బునకే బిగింపబడును. చక్రము తిరుగుచున్నంతసేపు పెడళ్లు తిరుగుచునే యుండును. కాళ్లకు విశ్రాంతి లేదు. పెడళ్లను వెనుకకు అదిమిపట్టినచో వేగము తగ్గును, కాళ్లే బ్రేకులగును.

ఇది క్రొత్తది కాదు. ఫ్రీవీలు కంటె పాతది. 19వ శతాబ్దపు ఎత్తుచక్రపు సైకిళ్లలో పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే తగిలింపబడియుండెడివి. 1885లో ఇంగ్లాండులోని కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ గారు దాదాపు సమానమైన రెండు చక్రములును, వెనుకచక్రమునకు గొలుసును గల రోవరు సైకిలును వెలువరించిరి. నేటి సైకిలునకు మూలపురుషుడదియే. బెల్ఫాస్టు నగరమున పశువైద్యులుగా నుండిన డన్లప్ గారు తమ కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై గాలి నింపిన రబ్బరు టైర్లను అమర్చి, 1888లో పేటెంటు పొందిరి. ఫ్రీవీలు ఆ శతాబ్దాంతముననే వ్యాప్తికి వచ్చినది. సామాన్యులు దానిని హత్తుకొనిరి. పందెపు మైదానములవారు మాత్రము స్థిరచక్రమును విడువలేదు. జపాను దేశమున 1948లో కొకురా పట్టణమందు మొదలైన కెయిరిన్ పందెములలో నేటికిని బ్రేకులు లేని స్థిరచక్రపు సైకిళ్లే వాడబడుచున్నవి.

మైదానము నుండి అది వీథికి దిగినది. న్యూయార్కు, శాన్ ఫ్రాన్సిస్కో మొదలగు నగరములలో ఉత్తరములను, కట్టలను చేరవేయు సైకిలు హర్కారాలు దానిని వాడిరి. చెడిపోవు భాగములు తక్కువ, ఖర్చు తక్కువ, దొంగకు ఆశయు తక్కువ. 21వ శతాబ్దపు మొదటి దశాబ్దమున ఆ శ్రామికుల సైకిలు యువకుల వేషమైనది. పాత ఫ్రేములను వెదకి తెచ్చుట, అక్కరలేనివన్నియు విప్పుట, రంగులు పూయుట లోకమంతట ప్రబలినది. 2012లో వచ్చిన ప్రీమియం రష్ అను ఆంగ్ల చలనచిత్రమున నాయకుడు బ్రేకులు లేని స్థిరచక్రపు సైకిలు నెక్కిన హర్కారాయే. చలనచిత్రముల నడుమ పెరిగిన మా వాడు దానిని ఎన్నిమారులు చూచెనో!

మా నాయనగారి ఫ్రేమును వాడేల కోరెను? దానికిని కారణము కలదు. గేర్ల సైకిళ్లలో వెనుక ఇరుసు దిగు గాడి నిలువుగా నుండును. గొలుసు వదులును గేర్ల యంత్రము లాగుకొనును. మన పాత సైకిళ్లలోనో, ఆ గాడి వెనుకకు తెరచి అడ్డముగా నుండును. చక్రమును వెనుకకు జరిపి గొలుసును బిగించుకొనవచ్చును. స్థిరచక్రమునకు కావలసినది సరిగా ఇదియే. ఇక ఫ్రేము సంగతి. రెండు త్రిభుజములను చేర్చిన ఆకారమది. భుజములు మారనిచో త్రిభుజము కోణములును మారవని రేఖాగణితమున చదివితిరి గదా. ఆ సూత్రమే మనుష్యుని మోయుచున్నది. "ఫ్రేము మంచిదైతే తక్కినవన్నీ మార్చుకోవచ్చు నాన్నా," అని వాడనెను.

నేను సరేయంటిని. కాని మనస్సులో సరే యనలేదు. నాయనగారు నెలకొకటిగా కూర్చిన వస్తువులను నా కుమారుడు పూటకొకటిగా విప్పుచుండెను. క్యారియరు పోయెను. దీపము, మడ్గార్డులు, స్టాండు, గంట, గొలుసు కవరు పోయెను. తుదకు ముందు వెనుకల బ్రేకు కడ్డీలును పోయెను. మా అమ్మ ఒక్క మాటయు ననక వాటినన్నిటిని ఏరి గోనెసంచిలో వేయుచుండెను. నేను మాత్రము అలిగినవాని వలె ఆవైపు చూడకుంటిని. "బ్రేకు లేకుండ మన వాలున దిగెదవా?" యని ఒకసారి అడిగితిని. "కాళ్లే బ్రేకు నాన్నా," అనెను. ఆ మాటతో ఊరకుంటిని.

ఇప్పుడు నా తప్పిదము. ఒక సాయంకాలము నేను త్రైమాసిక పరీక్షల పత్రములు దిద్దుచుండగా వాడు నూనెచేతులతో గుమ్మమున నిలిచి, "నాన్నా, ఒక్కసారి వచ్చి చూచెదరా? వెనుకకు అదిమినప్పుడు పళ్లచక్రము మర ఊడిరాదు గదా?" యని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము నాకు తెలియును. మర ఏ వైపు త్రిప్పిన బిగియును, ఏ వైపు త్రిప్పిన వదులగును అను పాఠమును ఏటేట తరగతిలో చెప్పువాడను. సైకిలు ఎడమ పెడలునకు ఎడమచుట్టు మర యేల యుండునో నల్లబల్లమీద బొమ్మ వేసి చూపువాడను. అయినను తలయెత్తక, "గట్టిగా బిగించిన ఊడదు, పో," అంటిని. వాడు పోయెను.

మూడవనాటి యుదయము వాడు వాలున దిగెను. ముందు పళ్లచక్రమునకు 48, వెనుకదానికి 16 పళ్లు. అనగా పెడలొక్క చుట్టు తిరిగిన వెనుకచక్రము మూడు చుట్లు తిరుగును; 28 అంగుళముల చక్రమునకు అది దాదాపు ఆరు మీటర్ల డెబ్బది సెంటీమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున కాళ్లు నిమిషమునకు 75 చుట్లు తిరుగవలెను. 45 కిలోమీటర్లయినచో 110కి పైగా. అంత వేగముగా తిరుగు పెడళ్లను వాడు బలము కొలది వెనుకకు అదిమెను. ఫ్రీవీలు కొరకు చేసిన మామూలు హబ్బుమీద పళ్లచక్రము కుడిచుట్టు మరతో ఎక్కును. ముందుకు త్రొక్కునంతసేపు అది బిగియుచునే యుండును. వెనుకకు అదిమినప్పుడు విప్పుకొనును. అట్లే జరిగినది. పెడళ్లు ఒక్కసారిగా వట్టిగా తిరిగినవి. క్రింద కూరగాయల బండి, బడికి పోవు చిన్నపిల్లలు. వాడు హ్యాండిలును గోడవైపునకు త్రిప్పెను.

ఎవరికిని వేరొకరికి దెబ్బ తగులలేదు. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల దేవునికి వందనములు చెప్పుచున్నాను. 2016లో లండను నగరమున ముందుబ్రేకు లేని స్థిరచక్రపు సైకిలు ఢీకొని, వీథి దాటుచున్న యొక తల్లి మరణించెను. ఆ సైకిలు నెక్కిన యువకునికి మరుసటి యేట 18 నెలల శిక్ష పడినది. ఆ వార్తను నేను చదివినది మా వాడు పడిన తరువాత. ముందే చదివియుండవలసినది.

వానికి కుడి జత్రుక విరిగినది. నా భుజముమీది తువాలుతో వాని చేతిని మెడకు వ్రేలగట్టి ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోతిని. వైద్యుడు "ఎట్లు పడినాడు?" అని యడుగగా, "కుర్రతనము, అజాగ్రత్త," అంటిని. వాడు నావైపు చూచి, కన్నులు దించుకొనెను. మారు పలుకలేదు. నాకా చూపు ఇప్పటికిని కనబడుచున్నది. అడిగినవాడు వాడు, చూడనివాడను నేను. తప్పు నాదై యుండగా పేరు వానిది చేసితిని.

ఆ మధ్యాహ్నమే వంగిన సైకిలును మా వీథి చివర సైకిళ్లు బాగుచేయు వృద్ధుని యొద్దకు మోసికొనిపోతిని. పేటలోని పిల్లలందరును ఆయనను చాచా యందురు. ఆయన హబ్బును ఒడిలో పెట్టుకొని వేలితో తడిమి, "సార్, దీనికి ఎడమచుట్టు బిళ్ల ఏది?" అని యడిగెను. అసలు స్థిరచక్రపు హబ్బునకు రెండు మరలుండును. పళ్లచక్రమునకు కుడిచుట్టు, దానిమీద ఎక్కు లాకు బిళ్లకు ఎడమచుట్టు. పళ్లచక్రము విప్పుకొనబోయినచో ఆ బిళ్లను మరింత బిగించును. ఒకటి వదలిన చోట మరియొకటి పట్టుకొనును. పై చదువు లేని ఆ ముసలివాడు అర నిమిషమున చూచిన దానిని, పట్టపుచ్చుకొని ఉపాధ్యాయ కళాశాలలో శిక్షణ పొందిన నేను నా గుమ్మమున నుండగా చూడనైతిని.

ఆ రాత్రి వాని మంచము ప్రక్క కూర్చుండి, "నీవు నన్నడిగితివి. నేను చూడక చెప్పితిని. తప్పు నాది," అంటిని. వాడు చాలసేపు పలుకక, "మీరు కోపముగా ఉన్నారని తెలుసు నాన్నా. తాతయ్య వస్తువులు పారవేయుచున్నానని. నేను పారవేయలేదు. ఇది మళ్లీ వీథిలో తిరగాలని," అనెను. అవతలి గదినుండి మా అమ్మ, "నేను అన్నీ దాచినానులే," అనినది.

ఎముక అతుకుటకు ఆరు వారములు పట్టినది. ఆ ఆరు వారములలో మేము మువ్వురము చేరి ఆ సైకిలును మరల కూర్చితిమి. వంగిన ముందు ఫోర్కు పనికిరాదని చాచా దానిని మార్చెను. వంగిన ఉక్కును సరిచేసినను నమ్మరాదట. ఫ్రేమునకు మాత్రము దెబ్బ తగులలేదు. లాకు బిళ్లతో కూడిన రెండు మరల హబ్బును తెప్పించితిమి. గోనెసంచి విప్పి నాయనగారి ముందు బ్రేకు కడ్డీలను తీసి, తుప్పు రాకించి, తిరిగి బిగించితిమి. గంటయు ఎక్కినది. క్యారియరు కావలెనని నేను కోరలేదు. కావలెనని వాడును అనలేదు.

పిమ్మట ఒక ఆదివారము సాయంత్రము వానిని ఉస్మానియా విశ్వవిద్యాలయమునందలి వెలోడ్రోమునకు తీసికొనిపోతిని. 2002లో మన నగరమున జాతీయ క్రీడలు జరిగినప్పుడు కట్టిన సైకిలు పందెపు మైదానమది. మలుపులయొద్ద నేల గోడవలె లేచియుండును. అచ్చట బ్రేకులు లేని సైకిళ్లు ఎట్లు క్షేమమో వానికి చూచినంతనే తెలిసినది. అందరును ఒకే దిక్కునకు పోవుదురు. ఎదురు వచ్చువాడు లేడు, అడ్డము దాటు పసిబిడ్డ లేడు. అందరికిని బ్రేకు లేకుండుటచే ఎవడును అకస్మాత్తుగా ఆగడు. మా సందు అట్టిది కాదు. ఆ సంగతి నేను చెప్పనక్కర లేకపోయినది.

నగరమున సైకిలు వేషము మారినది. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల పొడవున, పైన సూర్యవిద్యుత్ ఫలకముల కప్పుతో సైకిలు బాట తెరువబడినది. ఆదివారము తెల్లవారుజామున అక్కడ మోటారుబండ్లకంటె ఖరీదైన సైకిళ్లు కనబడును. అదే వేళకు మా వాలున పాలు, వార్తాపత్రికలు వేయువారు పాత సైకిళ్లను నడిపించుకొనుచు ఎక్కుచుందురు. ఒకరికి వ్యాయామము, మరియొకరికి జీతము. మా వాని సైకిలు ఈ రెంటి నడుమ ఎక్కడనో ఉన్నది. దానిని చూచి కొందరు కుర్రవాండ్రు ధర యడుగుదురు; పాలు వేయు పెద్దమనిషి యొకడు మాత్రము ఫ్రేమును తట్టి, "మా నాయనకును ఇట్టిదే యుండెను," అనెను.

నేనును ఒకసారి దానినెక్కి చూచితిని. అలవాటుచేత కాళ్లు ఆపబోగా పెడలు నన్ను లేపివేసినంత పని చేసినది. ఆపుటకు వీలులేదు, ముందుకు పోవుచున్నంతసేపు నీవును పని చేయవలసినదే యని చెప్పినట్లుండెను. ముందు బ్రేకు మీద చేయి వేసి దిగితిని.

ప్రియమైన విద్యార్థులారా, మీలో చాలమంది సైకిళ్లమీద బడికి వచ్చుచున్నారు. ప్రతి నెల మొదటి శనివారము చివరి గంటలో మీ సైకిళ్లను ప్రయోగశాల వెనుక చెట్టుక్రిందికి తీసికొనిరండు. బ్రేకులు, గొలుసు, మరలు అన్నిటిని కలిసి చూచెదము. చాచాయు వచ్చుటకు ఒప్పుకొనెను. మీకేదేని సందేహము కలిగినచో అడుగుడు. నేను పత్రములు దిద్దుచున్నను సరే, లేచి వచ్చి చూచిన పిమ్మటనే సమాధానము చెప్పెదను.